శరత్కాలపు కొండలు, చెరువులు: మైలాపూరు నుండి ఒక్కరోజు నడకలు

మైలాపూరు కడలి ఒడ్డున వెలసిన ఊరు. కపాలీశ్వరాలయపు కోనేటి మెట్ల మీద నిలబడి చూస్తే ఏ దిక్కునా కొండ కనిపించదు. అయినప్పటికీ తెల్లవారుజామున బయలుదేరి రైలులోనో బస్సులోనో రెండు మూడు గంటలు ప్రయాణం చేసినట్లయితే, పడమటి దిక్కునను వాయవ్య దిక్కునను తూర్పు కనుమలకు చెందిన కొండల వరుసలు ఎదురవుతాయి. వాటి పాదాల వద్ద చెరువులు, జలాశయాలు విస్తరించి ఉన్నాయి. ఆశ్వయుజం మొదలు మార్గశిరం వరకు ఈ కొండలు పచ్చగాను, చెరువులు నిండుగాను ఉంటాయి. ఎండ తీక్షణత తగ్గుతుంది. విద్యార్థులు, కుటుంబాలు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు ఉదయం వెళ్ళి, కొంత దూరం నడిచి, రాత్రికి ఇల్లు చేరుకొనుటకు ఇది అనువైన కాలం.

అయితే ఇదే కాలంలో కొండవాగులు ప్రాణాలు తీసిన సందర్భాలు కూడా ఉన్నాయి. కొండ మీద పడిన వాన ఏ దారిన దిగివస్తుందో, ఎంత వేగంగా వస్తుందో తెలిసినవారు క్షేమంగా నడవగలరు. ఆ నీరే చివరకు మన కుళాయిలలోకి వస్తున్నది కాబట్టి, ఆ దారిని తెలుసుకొనడం పౌరునికి మరొక విధంగా కూడా ప్రయోజనకరం. ఈ వ్యాసంలో మూడు నడకల పరిచయమును, వాటికి అవసరమైన జాగ్రత్తలను వివరించుచున్నాము.

మన శరత్తు వానకారు

తెలుగు పంచాంగం ప్రకారం ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. నిర్మలమైన ఆకాశం, తేటపడిన నీరు, తెల్లని వెన్నెల శరత్తునకు లక్షణాలని కావ్యాలు వర్ణిస్తాయి. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగిన తరువాత తెలుగు దేశపు ఉత్తర భాగాలలో ఈ వర్ణన చాలావరకు సరిపోతుంది. చెన్నై పరిసరాలకు మాత్రం అది సరిపోదు. ఇక్కడ ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మూడవ వారంలో ప్రవేశిస్తాయి. నగరంలో ఏడాదికి కురిసే సుమారు 1,400 మిల్లీమీటర్ల వర్షంలో దాదాపు అరవై శాతం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. ఐప్పసి మాసంలో విడువని జడివాన పట్టుకుంటుందని మన తమిళ ఇరుగుపొరుగువారు చెప్పే మాట ఈ అనుభవం నుండి పుట్టినదే.

ఇంగ్లండులోని సరస్సుల సీమ వంటి చల్లని దేశపు కొండలలో శరత్కాలపు నడక అంటే ఆకులు పండి రాలే దృశ్యాన్ని చూచుటకు వెళ్ళడం. మన కొండలలో ఈ కాలం చిగురు వేసే కాలం. వేసవిలో ఎండి బూడిద రంగుకు తిరిగిన పొదలు పచ్చబడతాయి. ఎండిపోయిన వాగులకు ప్రాణం వస్తుంది. వలస పక్షులు చెరువులకు చేరుకుంటాయి.

ఇక్కడి వాన నెలల తరబడి ఒకే తీరున కురవదు. బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో ఏర్పడినప్పుడు రెండు మూడు రోజులు ఎడతెగక కురిసి, తరువాత కొన్ని రోజులు తెరపి ఇస్తుంది. నడకకు తగిన రోజులు ఆ తెరపిలోనే దొరుకుతాయి. భారీ వర్షం వెలిసిన వెంటనే బయలుదేరక, రెండు పొడి రోజులు గడిచిన తరువాత వెళ్ళుట మంచిది. వాగులు, జలపాతాలు ఉన్న లోయలకు వెళ్ళదలచినవారు ఈ నియమాన్ని తప్పక పాటించవలెను.

భారత వాతావరణ శాఖ ప్రకటనలలోని పదాలకు నిర్దిష్టమైన అర్థాలు ఉన్నాయి. ఇరవై నాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్ల నుండి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిస్తే అది భారీ వర్షం. 115.6 నుండి 204.4 వరకు అతిభారీ వర్షం. అంతకు మించినది అత్యంత భారీ వర్షం. పసుపు రంగు హెచ్చరిక అప్రమత్తతను, నారింజ రంగు సన్నద్ధతను, ఎరుపు రంగు తక్షణ చర్యను సూచిస్తాయి. నారింజ లేదా ఎరుపు హెచ్చరిక ఉన్న రోజున కొండనడకను రద్దు చేసుకొనవలెను. పసుపు హెచ్చరిక ఉన్నప్పుడు వాగుల జోలికి పోరాదు. నడిచే ప్రాంతం పొరుగు జిల్లాలోనో పొరుగు రాష్ట్రంలోనో ఉన్నట్లయితే, చెన్నై సూచనతో సరిపెట్టుకొనక ఆ జిల్లాకు సంబంధించిన సూచనను చూడవలెను.

కొండ నుండి కుళాయి వరకు

చెన్నై నగరానికి త్రాగునీరు అందించే ప్రధాన జలాశయాలు ఐదు. వాటి పూర్తి నిల్వ సామర్థ్యం మిలియన్ ఘనపుటడుగులలో ఈ విధంగా ఉన్నది: చెంబరంబాక్కం 3,645, పుళల్ లేదా రెడ్ హిల్స్ 3,300, పూండి 3,231, చోళవరం 1,081, కణ్ణన్‌కోట్టై-తేర్వాయ్ కండిగై 500. మొత్తం 11,757. ఒక మిలియన్ ఘనపుటడుగులు అనగా సుమారు 2 కోట్ల 83 లక్షల లీటర్లు.

వీటిలో పూండికి చేరే నీటిలో ఒక భాగం తెలుగు నేల మీది కొండలలో పుట్టినదే. నగరి కొండల నుండి దిగివచ్చే నగరి నది, పూండికి ఎగువన కొసస్తలై నదిలో కలుస్తుంది. తెలుగువారు ఈ నదిని కుశస్థలి అని పిలుస్తారు. ఇది గాక, తెలుగుగంగ పథకం ద్వారా కృష్ణా జలాలు కండలేరు జలాశయం నుండి కాలువలో ప్రవహించి పూండికి వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య 1983లో ఒప్పందం కుదిరినది. 1996లో కృష్ణా నీరు తొలిసారి పూండిని చేరినది. నగరి కొండలకు పొరుగున పుట్టిన ఆరణి నది పిచ్చాటూరు జలాశయం మీదుగా ఊత్తుకోట్టై, పొన్నేరి ప్రాంతాలను దాటి పులికాట్ సరస్సులో కలుస్తుంది. పిచ్చాటూరులో గేట్లు ఎత్తినప్పుడు తమిళనాడు వైపున ఆరణి తీర గ్రామాలకు హెచ్చరికలు జారీ అవుతాయి. 1960 ఏప్రిల్ 1న ఉభయ రాష్ట్రాల సరిహద్దు సవరింపబడి తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరినది. నీటి దారులు మాత్రం ఎప్పటివలెనే ఉన్నాయి.

కొండ మీద అడవి దట్టంగా ఉన్నచోట వాన ఆకుల మీద, చెత్త పొర మీద నిలిచి మెల్లగా నేలలోకి ఇంకుతుంది. బండ తేలినచోట, చెట్లు నరికినచోట అది ఒక్కుమ్మడిగా జారిపోతుంది. దిగువన ఉన్న చెరువు ఆ వేగాన్ని ఆపుతుంది. చెరువుకట్ట నీటిని నిలుపుతుంది. తూము దానిని పొలాలకు విడుస్తుంది. నిండిన తరువాత మిగులు నీరు కలుజు మీదుగా పొర్లి తరువాతి చెరువుకు చేరుతుంది. నెల్లూరు, చిత్తూరు సీమలలో కలుజు అని, తెలంగాణలో అలుగు అని, తమిళంలో కలింగు అని పిలిచే ఈ కట్టడమే గొలుసు చెరువులకు ప్రాణం. దారిలో కనిపించే ఏ చెరువు వద్దనైనా కట్ట, తూము, కలుజు ఎక్కడెక్కడ ఉన్నవో గుర్తించినవారికి ఆ ఊరి నీటి లెక్క అర్థమవుతుంది.

మొదటి నడక: పూండి జలాశయం, గుడియం గుహలు

కొండనడకకు కొత్తవారు పూండితో ప్రారంభించుట ఉచితం. ఇది నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. తిరుమయిలై స్టేషనులో లోకల్ రైలు ఎక్కి పార్క్ టౌన్‌లో దిగితే సెంట్రల్ స్టేషను దగ్గరే. అక్కడ నుండి తిరువళ్ళూరు వరకు లోకల్ రైలులోను, ఆ పైన రోడ్డు మార్గంలోను వెళ్ళవచ్చును.

పూండి జలాశయానికి సత్యమూర్తి సాగరం అని పేరు. మద్రాసు మేయరుగా పనిచేసిన ఎస్. సత్యమూర్తి హయాంలో, నగరపు నీటి కొరత తీర్చుటకు ఈ పథకం ఆరంభమైనది. 1943లో ఆయన మరణించారు. 1944లో జలాశయం పూర్తయినది. నవంబరు, డిసెంబరు నెలలలో నిండుగా ఉన్నప్పుడు ఈ జలాశయంలో నిలిచే నీరు సుమారు 9,150 కోట్ల లీటర్లు. ఆనకట్ట గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగుతుంది. ఆ శబ్దం వినిపించినప్పుడు నదీగర్భంలో ఉన్నవారు వెంటనే గట్టు ఎక్కవలెను.

జలాశయానికి వాయవ్యంగా అల్లికుళి కొండలు ఉన్నాయి. ఇవి ఎత్తైనవి కావు. గుండ్రని గులకరాళ్ళు ఒకదానికొకటి అతుక్కొని గట్టిపడిన రాతితో ఏర్పడినవి. ముళ్ళపొదల మధ్య, గులకరాళ్ళ బాట మీదుగా నడిచి గుడియం గుహలను చేరుకొనవచ్చును. ఇవి లోతైన సొరంగాలు కావు. వాన నుండి, ఎండ నుండి ఆశ్రయం ఇవ్వగల విశాలమైన రాతి చూరులు.

ఈ ప్రాంతానికి ప్రపంచ ప్రసిద్ధి కలదు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న పల్లావరం వద్ద ఒక రాతి గొడ్డలిని గుర్తించారు. భారతదేశంలో ప్రాచీన శిలాయుగపు పనిముట్లపై పరిశోధనకు అదే నాంది. అదే ఏడాది ఆయన, విలియం కింగ్ కలిసి కొసస్తలై లోయలోని అత్తిరంపాక్కం వద్ద మరిన్ని పనిముట్లను కనుగొన్నారు. ఆ తరువాతి తవ్వకాలను బట్టి అత్తిరంపాక్కంలోని అతి ప్రాచీన పనిముట్లు సుమారు పదిహేను లక్షల ఏళ్ళ నాటివని 2011లో ప్రకటింపబడినది. రాయి, నీరు రెండూ ఒకేచోట దొరకుట వలన ఆదిమానవులు ఈ లోయను ఆశ్రయించారని మనం ఊహించవచ్చును. పూండిలోని పురావస్తు ప్రదర్శనశాలలో ఇటువంటి పనిముట్లను చూడవచ్చును. దారిలో పదునైన అంచు గల రాయి కనిపించినా దానిని జేబులో వేసుకొనరాదు. అది ఉన్నచోట ఉంటేనే దానికి చరిత్రలో విలువ ఉంటుంది.

రాతి చూరుల క్రింద పెద్ద తేనెటీగలు పట్టులు పెడతాయి. వాటి సమీపంలో పొగ పెట్టడం, కేకలు వేయడం, రాళ్ళు రువ్వడం ప్రమాదకరం. ఘాటైన అత్తరులు పూసుకొని వెళ్ళుట కూడా మంచిది కాదు.

రెండవ నడక: నగరి, నాగలాపురం కొండల కోనలు

చెన్నై నుండి తిరుపతి వెళ్ళే రైలు తిరుత్తణి దాటిన తరువాత, ఏకాంబరకుప్పం, పుత్తూరు స్టేషన్ల పరిసరాలలో నిటారైన రాతి అంచులు గల కొండలు కనిపిస్తాయి. వాటిలో ముక్కు ఆకారంలో పొడుచుకొని వచ్చిన నగరి శిఖరాన్ని పూర్వం ఓడల వారు సముద్రం మీద నుండి గుర్తుగా చూచుకొనేవారు. ఈ కొండలు నేటి తిరుపతి, చిత్తూరు జిల్లాలలో ఉన్నాయి. తెలుగు, తమిళం రెండూ ఇక్కడి పల్లెలలో వినిపిస్తాయి.

నారాయణవనం సమీపంలోని కైలాసకోన, వరదయ్యపాలెం వైపు ఉన్న ఉబ్బలమడుగు, నాగలాపురం కొండలలోని నీటిగుండాలు చెన్నైవాసులకు బాగా తెలిసిన ప్రదేశాలు. నాగలాపురంలో వేదనారాయణస్వామి ఆలయం ఉన్నది. తన తల్లి నాగలాంబ పేరు మీద శ్రీకృష్ణదేవరాయలు ఈ ఊరికి ఆ పేరు పెట్టినట్లు ప్రసిద్ధి. కొండ ఎక్కలేని పెద్దలు ఆలయ దర్శనంతోను, చెరువుకట్ట మీద నడకతోను సంతృప్తి పొందవచ్చును.

ఈ పేర్లలోనే ఒక హెచ్చరిక ఇమిడి ఉన్నది. కోన అంటే రెండు కొండల నడుమ నీరు పారే ఇరుకు లోయ. మడుగు అంటే ప్రవాహం క్రింద లోతుగా నిలిచిన నీరు. ఈ పేర్లు పెట్టిన పూర్వులు అక్కడి నీటి స్వభావాన్ని చెప్పి వెళ్ళారు. పైకి తేటగా, నిశ్చలంగా కనిపించే మడుగులో రెండడుగుల లోతు పక్కనే ఇరవై అడుగుల లోతు ఉండవచ్చును. అడుగున బండల మధ్య సందులు ఉంటాయి. అంచులు పాచిపట్టి జారుతుంటాయి. ఇటువంటి గుండాలలో మునిగి మరణించినవారిలో ఈత వచ్చినవారు కూడా ఉన్నారు. అందువలన ఈతకు దిగరాదు. గట్టు మీద నుండి నీటిలోకి దుమకరాదు.

ఇవి రక్షిత అటవీ ప్రాంతాలు. ప్రవేశ నియమాలు వర్షాలను బట్టి, ప్రమాదాలను బట్టి మారుతుంటాయి. బయలుదేరే ముందు అటవీ శాఖవారిని విచారించి, అనుమతించిన దారిలోనే నడవవలెను. మూసివేసిన గేటును ప్రక్క దారిన దాటిపోయినవారికి ప్రమాదం జరిగితే, వారు ఎక్కడ ఉన్నారో ఎవరికీ తెలియదు.

మూడవ నడక: ఏలగిరి

నిజమైన మెట్టప్రాంతపు చల్లదనం కోరేవారికి ఏలగిరి తగినది. సెంట్రల్ స్టేషను నుండి జోలార్‌పేట్టై జంక్షనుకు రైలులో మూడు గంటలకు పైగా పడుతుంది. అక్కడ నుండి పదునాలుగు కొండమలుపులు గల రోడ్డు పైకి తీసుకొనిపోతుంది. మలుపులకు తమిళ కవుల, రాజుల పేర్లు పెట్టారు. కొండ మీది పీఠభూమి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది.

అత్తనావూరు నుండి పుంగనూరు చెరువు వరకు సాఫీగా నడవవచ్చును. ఈ చెరువు మనుషులు నిర్మించినదే. చెరువు చుట్టూ తిరిగి, మంగళం గ్రామం చేరి, అక్కడ నుండి స్వామిమలై శిఖరం ఎక్కవచ్చును. శిఖరం ఎత్తు సుమారు 1,300 మీటర్లు. తెరపి రోజున పైనుండి క్రింది మైదానపు చెరువులన్నీ అద్దపు ముక్కలవలె మెరుస్తూ కనిపిస్తాయి. ఈ పీఠభూమి మీద నివసించేవారిలో మలైయాళి అనే గిరిజన సమాజంవారు ప్రధానమైనవారు. ఆ పేరుకు కొండవాసులని అర్థం. కేరళీయులతో సంబంధం లేదు. దారి వారి పొలాల మీదుగా పోతుంది కాబట్టి పైరును త్రొక్కక, పండ్లను కోయక, ఇళ్ళలోకి కెమెరా పెట్టక నడుచుకొనుట మర్యాద.

ఏలగిరికి దిగువన ఉన్న జోలార్‌పేట్టై పేరు చెన్నైవాసులు మరువరానిది. 2019 వేసవిలో నగర జలాశయాలు దాదాపుగా ఎండిపోయాయి. అప్పుడు జోలార్‌పేట్టై నుండి యాభై ట్యాంకు వ్యాగన్ల రైలు సుమారు 25 లక్షల లీటర్ల కావేరి నీటిని తీసుకొని 2019 జూలై 12న విల్లివాక్కం చేరినది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2015 డిసెంబరులో, ఇదే నగరం అడయారు వరదలో మునిగినది. నీరు ఎక్కువైన ఏడాదికి, నీరు కరువైన ఏడాదికి మధ్య దూరం అంత తక్కువ. కొండల మీది అడవి, మైదానంలోని చెరువు ఈ రెండింటి తీవ్రతను తగ్గించగలవు.

చదునైన దారి కోరేవారికి

కొండ ఎక్కలేనివారు, చిన్నపిల్లలు గల కుటుంబాలు వేదంతాంగళ్ పక్షి సంరక్షణ కేంద్రానికి వెళ్ళవచ్చును. ఇది నగరానికి దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక చెరువు. పక్షుల రెట్టలతో బలపడిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనిచేస్తుందని గ్రహించిన రైతులు, పక్షులను వేటాడేవారిపై ఫిర్యాదు చేసి, 1798లో నాటి కలెక్టరు లయొనెల్ ప్లేస్ ద్వారా రక్షణ పొందారు. నవంబరు నుండి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, కొంగలు గూళ్ళు కడతాయి. కట్ట మీద నిశ్శబ్దంగా నడుస్తూ వాటిని చూడవచ్చును.

వాగు ఆకస్మికంగా ఎందుకు పొంగుతుంది

ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే పది లక్షల లీటర్ల నీరు చేరుతుంది. పది చదరపు కిలోమీటర్ల కొండ మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే 100 కోట్ల లీటర్లు. అందులో సగం నేలలో ఇంకినా, మిగిలినది ఒకే కోన గుండా కొద్ది గంటలలో దిగిరావలెను. మైదానంలో పరచుకొనే నీరు కొండలో ఇరుకు దారిన పడి ఎత్తును, వేగాన్ని పొందుతుంది. వాన కురిసేది శిఖరం మీద. నడిచేవారు ఉండేది దిగువన. కావున తలపైన ఎండ కాస్తుండగా కూడా వాగు పొంగవచ్చును.

2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు తిరుమల శ్రీవారి మెట్టు నడకదారి దెబ్బతిని మూతపడినది. మరమ్మతుల అనంతరం 2022 మే నెలలో గాని తిరిగి తెరువలేదు. రాతితో కట్టిన మెట్లనే పెకలించగల నీటికి మనిషి అడ్డు నిలువలేడు. మోకాలి లోతు ప్రవాహం సైతం ఆరోగ్యవంతుడైన పెద్దవానిని పడగొట్టగలదు.

వాగు పొంగే ముందు కొన్ని సూచనలు కనిపిస్తాయి. తేట నీరు ఒక్కసారిగా మట్టి రంగుకు మారుతుంది. ఆకులు, పుల్లలు, నురుగు కొట్టుకొని వస్తాయి. నీటి శబ్దం బరువెక్కుతుంది. వీటిలో ఏ ఒక్కటి గమనించినా సామాను కోసం వెనుకాడక ప్రక్కనున్న ఎత్తైన గట్టుకు చేరవలెను. ప్రవాహం వెంట దిగువకు పరుగెత్తరాదు. తిరుగుదారి అవతలి గట్టున ఉన్నప్పటికీ దాటుటకు ప్రయత్నించరాదు. కొండవాగు పెరిగినంత త్వరగానే తగ్గుతుంది. కొన్ని గంటలు వేచి ఉండుట వలన పోయేది ఏమీ లేదు.

బయలుదేరే ముందు

1. అనుమతి తీసుకొనవలెను. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి వద్ద కార్చిచ్చులో ఇరవైమందికి పైగా నడకదారులు మరణించిన తరువాత తమిళనాడు ప్రభుత్వం అటవీ నడకలకు నియమావళిని రూపొందించినది. 2024 అక్టోబరులో ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో 40 దారులకు ఆన్‌లైన్ నమోదు ఆరంభమైనది. గుడియం, ఏలగిరి స్వామిమలై ఆ జాబితాలోనివి. అటవీ శాఖ నియమించిన స్థానిక మార్గదర్శకులు వెంట వస్తారు.

2. వెళ్ళే దారి, తిరిగివచ్చే సమయం ఇంటిలోనివారికో పొరుగువారికో వ్రాసి ఇవ్వవలెను. కొండలలో సెల్‌ఫోన్ సంకేతం అందని చోట్లు చాలా ఉంటాయి.

3. ఒంటరిగా వెళ్ళరాదు. బృందంలో అందరికంటె మెల్లగా నడిచేవారి వేగమే బృందపు వేగం కావలెను.

4. నవంబరులో మన ప్రాంతంలో సూర్యాస్తమయం సాయంత్రం 5 గంటల 40 నిమిషాల ప్రాంతాన జరుగుతుంది. లోయలలో అంతకంటె ముందే చీకటి పడుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కడ ఉన్నా వెనుదిరుగుట క్షేమం. టార్చిలైటు వెంట ఉండవలెను.

5. మనిషికి కనీసం రెండు లీటర్ల మంచినీరు, తేలికపాటి ఆహారం, వానకోటు, పట్టు గల బూట్లు, రోజూ వాడే మందులు తీసుకొనవలెను. గుండెజబ్బు, ఉబ్బసం, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

6. కొత్తవారు రెండు వారాల ముందు నుండి మెరీనా తీరాన రోజూ ఒక గంట నడక అలవాటు చేసుకొనుట మంచిది.

గ్రామం చేరిన తరువాత అక్కడి పశువుల కాపరినో రైతునో పలకరించి, ఎగువన వాన పడినదా, వాగు ఎట్లున్నది అని అడగవలెను. ఆ పూట ఆ కోన సంగతి వారికంటె బాగా తెలిసినవారు ఉండరు. ఉరుములు వినిపిస్తే శిఖరం మీద, ఒంటరి చెట్టు క్రింద, చెరువు నీటిలో ఉండరాదు.

ఆరోగ్యం

వానకాలపు పొదలలో ఉండే సూక్ష్మమైన పురుగులు కుట్టుట వలన స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చును. పొడవు చేతుల చొక్కా, పాదాల వరకు ఉండే దుస్తులు ధరించి, గడ్డి మీద నేరుగా పడుకొనక, ఇంటికి వచ్చిన వెంటనే స్నానం చేసి దుస్తులు ఉతుకుకొనవలెను. కాలికి పుండు ఉన్నప్పుడు నిలువ నీటిలో నడవరాదు; ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చును. నడక తరువాత మూడు వారాలలోగా జ్వరం వచ్చినట్లయితే వైద్యునికి కొండకు వెళ్ళిన సంగతి తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాట వలన సరైన చికిత్స త్వరగా ఆరంభమవుతుంది. పాము కరిచినప్పుడు గాయాన్ని కోయక, గట్టిగా కట్టక, కదలకుండా ఉంచి ఆసుపత్రికి తరలించవలెను.

అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, జిల్లా విపత్తు నియంత్రణ గదికి 1077 నంబర్లకు ఫోన్ చేయవచ్చును.

కార్తీక వనభోజనాలు

కార్తీక మాసంలో ఉసిరిచెట్టు నీడన బంధుమిత్రులతో కలిసి భోజనం చేయడం తెలుగువారి ఆచారం. నగరంలో నివసించే తెలుగు కుటుంబాలు ఇందుకోసం కొండపాదాలకు, చెరువుగట్లకు వెళుతుంటాయి. వనాన్ని గౌరవించే ఈ ఆచారం వనానికి హాని కలిగించరాదు. అడవిలో పొయ్యి వెలిగించక, వండిన పదార్థాలనే తీసుకొనివెళ్ళి, విస్తరాకులలో వడ్డించుట శ్రేయస్కరం. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ సంచులు, పళ్ళాలు, గ్లాసులు తమిళనాడులో 2019 జనవరి 1 నుండి నిషేధింపబడినవి. మిగిలిన ఆహారాన్ని కోతులకు పెట్టరాదు. అలవాటు పడిన కోతులు తరువాత వచ్చేవారి చేతిసంచులు లాగుతాయి. తీసుకొనివెళ్ళిన ప్రతి వస్తువును తిరిగి తెచ్చుకొనవలెను. చెరువు తూములో చిక్కుకొన్న ఒక ప్లాస్టిక్ సంచి దిగువ పొలాలకు పోయే నీటిని అడ్డగించగలదు.

నడిచివచ్చినవారి బాధ్యత

కలుజు మీదుగా పొర్లే నీటిని కళ్ళారా చూచినవారికి, నగరంలోని వరదనీటి కాలువలో చెత్త వేయరాదని మరొకరు చెప్పవలసిన అవసరం ఉండదు. ఇంటి మేడ మీద పడిన వాన కూడా కొండ మీద పడిన వాన వంటిదే. దానికి దారి చూపితే నేలలో ఇంకి బావిని నింపుతుంది. దారి మూసివేస్తే వీధిని ముంచుతుంది. తమిళనాడులో ప్రతి భవనానికి వర్షపు నీటి సేకరణ ఏర్పాటు 2003లో తప్పనిసరి చేయబడినది. ఐప్పసి వానలకు ముందే మేడను ఊడ్చి, గొట్టాలను శుభ్రపరచి, ఇంకుడు గుంతలోని ఇసుకను, గులకరాళ్ళను కడిగి తిరిగి నింపవలెను. మీ వీధిలో వరదనీటి కాలువ పూడిపోయినట్లయితే నగరపాలక సంస్థ సహాయ నంబరు 1913కు తెలియజేయవలెను. ఈ పనులు ముగించుకొని, తెరపి కోసం వేచి ఉండి, ఆ తరువాత కొండకు బయలుదేరండి.